పసుపు దీపం చదివిన మామ

మా మేనమామ పోయాడు. సోమవారం పొద్దున తను బండ్లు బాగుచేసే షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని టీ తాగుతూ పక్కకి ఒరిగిపోయాడట. పక్కింటావిడ పరుగున వచ్చి చెప్పేసరికి నేను చెరకు తోటలో ఉన్నాను.

మా ఊరు రాకిరాకిలో పాత బండి ఉన్నవాళ్ళందరికీ ఆయన తెలుసు. డాష్‌బోర్డులో ఇంజను బొమ్మతో పసుపు దీపం వెలిగితే ఆయన దగ్గరికే పోవాలి. కంప్యూటరు లేదు. బానెట్టు ఎత్తి, చిన్న డబ్బాలోని రెండు రంధ్రాలను వైరు ముక్కతో కలిపి, తాళం తిప్పి, దీపం ఎన్నిసార్లు మిణుకుమంటుందో లెక్కపెట్టేవాడు. ఆ లెక్కను బట్టి జబ్బెక్కడో తెలిసేది. ఆ కాసేపు ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు. “బత్తీ ఝూట్ చెప్పదు. మనమే సగం విని లేచిపోతాం” అనేవాడు.

నా పికప్పులో అది ఒకసారి మిణుకుమని, ఆగి, నాలుగుసార్లు మిణుకుమంది. నిప్పురవ్వ పుట్టించే పెట్టె పాడవుతోందన్నాడు.

“చల్లగుంటే నడుస్తాది. గరం అయితే ఆగిపోతాది. కొత్త పార్టు వేసేదాకా దూరం పోకు.”

చెరకు నరికే రోజులు. బండి నడుస్తూనే ఉంది. ఆయన రెండుసార్లు గుర్తుచేశాడు. రెండుసార్లూ వచ్చేవారం అన్నాను.

ఒక మధ్యాహ్నం అత్తకు గుండెనొప్పి వచ్చింది. లౌతోకా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆ వేళకు దొరికిన బండి నాదొక్కటే. మామ వెలుగుతున్న దీపాన్ని చూశాడు, నన్ను చూశాడు, అత్తను మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టాడు. దారిలో తవువా ఊరు ఇంకా రాకముందే, గుట్ట ఎక్కుతుంటే, ఇంజను ఆగిపోయింది. మామ దిగి చొక్కా విప్పి, తాగే నీళ్ళతో తడిపి ఆ పెట్టె మీద కప్పాడు. అది చల్లబడాలి. మేము పోయే దిక్కుగా ఒక్క బండీ రాలేదు. ఎంతసేపటికో ఇంజను అందుకుంది. అప్పటికి నా భుజం మీదున్న అత్త తల బరువెక్కింది. మామ ఎక్కి ఆమె చేయి పట్టుకున్నాడు.

“ఇంటికి తిప్పు, బేటా” అన్నాడు.

నెల తర్వాత ఆయనే బస్సులో లౌతోకా పోయి, పార్టు తెచ్చి, నా పికప్పుకి వేశాడు. తాళం చేతిలో పెట్టి, “ఇప్పుడు ఎంత దూరమైనా పోతాది” అన్నాడు. ఆ మాటలో నింద లేదు. ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే కాళ్ళమీద పడేవాణ్ణి.

తర్వాత కూడా ఊరి బండ్లు చూశాడు. కానీ దూరం పోకు అని చెప్పి వదిలేయడం మానేశాడు. పార్టు వచ్చేదాకా తాళం తన జేబులోనే ఉంచుకునేవాడు. జనం విసుక్కునేవారు. ఆయన ఎందుకలా చేసేవాడో నాకు తెలుసు. ఆ రోజు నా తాళం తీసుకోకపోవడమే తన తప్పని ఆయన తీర్మానించుకున్నాడు. తప్పు నాది మామా అని ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది. వేరు నూరి నీళ్ళలో కలిపి తాగే యంగోనా గిన్నె ముందు ఎన్ని సాయంత్రాలు పక్కపక్కన కూర్చున్నామో.

ఆయనకు పిల్లలు లేరు గనుక చివరి స్నానం నేనే చేయించాను. సబ్బుతో రుద్దాను, ఆపైన కిరసనాయిలు గుడ్డతో రుద్దాను. గోళ్ళ కింది నలుపు వదలలేదు. వేళవుతోందని బయటినుంచి పురోహితుడు పిలిచాడు. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క వేలూ రుద్దుతూనే ఉన్నాను.