తెర లేచిన దగ్గర్నుంచి పడేదాకా

సూర్యాపేటలో మా బట్టల దుకాణానికి వచ్చేవాళ్లెవరూ నేను మొదట చెప్పిన ధరకు కొనరు. నేనూ ఎవరు మొదట చెప్పిన మాటకూ ఒప్పుకోను. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి బడి వార్షికోత్సవ నాటకంలో పక్కింటి పిల్ల వేషం ఇచ్చారని, దానికి ఒకే ఒక్క మాట ఉందని తెలిసిన రోజే నాటకం నేర్పే మాస్టారి దగ్గరికి వెళ్లాను.

"వచ్చి పొయ్యే వేషం వద్దు సార్. తెర లేచిన దగ్గర్నుంచి పడేదాకా స్టేజీ మీదనే ఉండాలె."

ఆయన చేతిలోని నాటకం కాగితాలు తిరగేశాడు. "ఒకటున్నది సేటూ. కానీ మాటలుండయ్."

"లేకుంటే ఏమాయె. అందరికీ కనపడితే చాలు. బట్టలు గిట్ల కావాలంటే మా దుకాణంలకెల్లి తెస్త."

"నిలువెత్తు తెల్లగుడ్డ ఒక్కటి తెండ్రి."

సరస్వతీదేవి వేషమనుకున్నాను. గెలిచానన్న సంబరంలో దారిలో మిఠాయి కూడా కొన్నాను. ఆ మిఠాయి తింటూనే మా అమ్మాయి చెప్పింది: "నాన్నా, నేను శవాన్ని."

జ్వరంతో చనిపోయిన పిల్లను వాకిట్లో పడుకోబెట్టి, ఏ దవాఖానకు తీసుకెళ్లి ఉండాల్సిందో అని పెద్దలు ఒకరినొకరు తప్పుపట్టుకోవడం ఆ నాటకం కథ. మా ఆవిడది ఆంధ్ర సరిహద్దు కోదాడ, మాటతీరు మాకంటే వేరు. "బేరమాడి మరీ తెచ్చారా దీన్ని?" అని ఒక్కమాట అనేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. చిక్కుడుకాయలు తుంచుతున్న మా అమ్మ మాత్రం తలెత్తి మనవరాలిని చూసింది. "ఎట్ల పండుకోవాల్నో ఎవలన్న చెప్పిండ్రా బిడ్డా?" అని అడిగింది.

వార్షికోత్సవం నాడు మా ఆవిడ రానంది. అమ్మా నేనూ ముందు వరుసలో కూర్చున్నాం. తెర లేవగానే పక్క కుర్చీలో ఆయనతో, "గామె మా అమ్మాయే" అన్నాను.

"ఏడుస్తున్నామెనా?"

"కాదు, పండుకున్నామె."

ఆయన నన్ను అదోలా చూసి కుర్చీ కొంచెం జరుపుకున్నాడు. నేను లెక్కచేయలేదు. ఒక దోమ మా అమ్మాయి పెదవి మీద వాలింది. చుట్టూ ఏడవాల్సిన పిల్లలు నవ్వాపుకోలేకపోతున్నారు గాని మా పిల్ల కదల్లేదు. ఊపిరి తీస్తున్నట్టు కూడా తెలియలేదు. ఇంతమందిలో నటన వచ్చింది దీనికొక్కదానికేనని ఉబ్బిపోతూ ఫోన్‌లో వీడియో తీస్తున్నాను.

అప్పుడు తెల్లగుడ్డ కింది నుంచి దాని ఎడమచెయ్యి జారింది. అరచెయ్యి పైకి తిరిగి, వేళ్లు సగం ముడుచుకుని, ఎవరో అందులో ఏదో పెడతారని ఆగినట్టు ఉండిపోయింది.

ఆ చెయ్యి నాకు తెలుసు. మిర్యాలగూడలో మా నాన్న దుకాణం ముందు నా చెల్లెలిని అట్లాగే పడుకోబెట్టారు. దానికీ జ్వరమే, దానికీ ఇదే వయసు. ఎవరో ఒకరు ఆ చేతిని గుడ్డ లోపలికి దోపేవారు, అది మళ్లీ జారేది. నాన్న పోయాక ఆ చెయ్యి సంగతి అమ్మకూ నాకూ తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. ఫోన్ దించి అమ్మ వైపు చూశాను. ఆమె ఏడవడం లేదు. పాఠం ఒప్పజెప్పే పిల్లను వింటున్న పంతులమ్మలా తల చిన్నగా ఊపుతోంది.

నాటకం అయ్యాక అమ్మాయి ముఖాన పౌడరుతోనే వచ్చింది. "చెయ్యి గట్ల పెట్టుమని సార్ చెప్పిండా?" అన్నాను.

"కాదు, నాయనమ్మ నేర్పింది. బడి నుంచి రాంగనే రోజూ పండుకోబెట్టి సూసేది. అత్త గట్లనే ఉండెనంట గదా."

ఇంటికొచ్చి, ఇదంతా నీకు తెలియదా అని మా ఆవిడను అడిగితే, "ఇద్దరూ నిద్రపోతున్నారనుకున్నానండీ" అంది.

కొన్నాళ్లకు మాస్టారు దుకాణానికి వచ్చి, మిర్యాలగూడలో నాటకాల పోటీలున్నాయని, మా పిల్లలు వెళ్తున్నారని చెప్పాడు. మరే ఊరైనా అయితే వచ్చిన గిరాకీకల్లా చెప్పుకునేవాణ్ణి. "ఇంకో పిల్లను పెట్టుకోండ్రి సార్" అన్నాను. ఆ సాయంత్రం ఇంట్లోనూ అదే చెప్పాను.

"ఇంకో పిల్ల నాకెందుకురా" అంది అమ్మ.

"ఆ ఊర్లె నువ్వు తట్టుకోలేవమ్మా. ఇంటికాడనే వీడియో పెడత. ఎన్నిసార్లన్న సూడు."

"నా తోని గూడ బేరమేనారా." ఆమె గొంతు పెంచలేదు. "గప్పుడు గూడ గిదే మాటన్నరు, తట్టుకోలేనని. లోపలి అర్రల కూసోబెట్టిండ్రు. తలుపు సందుల నుంచి నాకు ఆ చెయ్యొక్కటే కనవడ్డది. ఎప్పుడు లేపుకపోయిండ్రో తెల్వదు. ఇప్పుడన్న ఆడ కూసొని నిమ్మళంగ సూడనియ్యి."

మర్నాడే మాస్టారి దగ్గరికి వెళ్లి, ఆ వేషం మా పిల్లకే ఉంచమన్నాను.

మిర్యాలగూడలో అమ్మను ముందు వరుసలో కూర్చోబెట్టి, నేనూ మా ఆవిడా గోడవారన నిలబడ్డాం. చెయ్యి జారినప్పుడు హాలంతా చప్పుడు లేకుండా అయిపోయింది. నాకు భయం వేసింది, ఆ భయంలోనే గర్వంగానూ ఉంది. ఆ రెండింటినీ విడదీయడం ఈ రోజుకీ నాకు చేతకాలేదు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.

పిల్లలు వరుసగా నిలబడి దండం పెట్టారు. అమ్మ వాళ్లను చూడలేదు, ఖాళీ అయిన చాపనే చూస్తోంది. మా అమ్మాయి మెట్లు దిగి పరిగెత్తుకొచ్చి ఆమె ఒడిలో తల పెట్టింది. అమ్మ దాని ఎడమచేతిని తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటే మూసి, పేరు పెట్టి పిలిచింది.

నా చెల్లెలి పేరు.

"ఆఁ, ఈడనే ఉన్న" అంది నా కూతురు, అలవాటైన గొంతుతో.