పక్క కౌంటర్ గొంతు

గొంతు ఆపరేషన్ తర్వాత సుజాత గారు ఈ రోజు మా బ్యాంకు చిక్కడపల్లి బ్రాంచికి తిరిగొచ్చారు. ఇంకో వారం మాట్లాడొద్దన్నాడట డాక్టరు. సెలవులేమో అయిపోయాయి. మేనేజర్ని కదా, లోపల కూర్చుని ఫైళ్లు చూసుకోమన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి తన కౌంటర్లోనే కూర్చున్నారు.

సరిగ్గా ఈ రోజే బతికున్నట్టు లైఫ్ సర్టిఫికెట్లు ఇవ్వడానికి పెన్షనర్లు బారులు తీరారు. సగం మందికి వినపడదు. ఇక పని సాగదనుకున్నాను. కానీ సుజాత గారు కాగితం మీద రాసి చూపించడం, పక్క కౌంటర్ యాదగిరి తన పని ఆపి దాన్ని గట్టిగా చదవడం, అలా పొద్దంతా నడిచింది.

ఒక పెద్దాయన ఉండబట్టలేక యాదగిరిని అడిగాడు.

“ఆమెకు మాటలు రావా బిడ్డా?”

“ఎందుకు రావు తాతా! వారం దాక నా దగ్గర దాచిపెట్టుకున్నది అక్క.”

సుజాత గారు నవ్వబోయి కళ్లు తుడుచుకున్నారు.

సాయంత్రానికి యాదగిరి గొంతు బొంగురుపోయింది. ఆవిడ తన వేడినీళ్ల ఫ్లాస్కును అతని ముందుకు జరిపారు.

ఇప్పుడు కంప్యూటర్ చూస్తే, యాదగిరి ఈ రోజు రోజూకంటే తక్కువ పని చేశాడట! పక్కనే కారణం రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. అందులో ఏం రాయమంటారో మీరే చెప్పండి.