సొన తిన్న వేళ్లు

మే నెల మూడో మంగళవారం, పొద్దున పదిన్నర. టైము ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా తోట నుంచి మొదటి ట్రాక్టరు ఆగిరిపల్లి రోడ్డెక్కేది ఆ వేళకే. అది లేపిన దుమ్ము ఇంకా అణగకముందే తెల్ల కారొకటి తోటలోకి వచ్చి ఆగింది. అందులోంచి ఆఫీసరమ్మ దిగింది. కారు మాత్రం షావుకారుది. నేను మొదట చూసింది అదే.

షావుకారు అంటే మేం పని చేసే మామిడి తోటను గుత్తకు తీసుకున్న మనిషి, మైలవరం ఆయన. మేం ఎనిమిది మంది ఆడవాళ్లం. ఐదుగురం యానాదులం, ముగ్గురు పక్క వీధి కూలి కుటుంబం వాళ్లు. మగవాళ్లు చిక్కం కర్రతో కాయ దించుతారు. మేం తొడిమ తుంచి, సొన కారిపోయేదాకా కాయను బోర్లించి, తర్వాత పెట్టెల్లో పేరుస్తాం. సొన అంటే మామూలు పాలు కాదు. తగిలిన చోట చర్మం కాలి నల్లబడుతుంది, పొరలు పొరలుగా లేస్తుంది. కోతల కాలమంతా మా వేళ్లు అలాగే ఉంటాయి.

నా కోడలు రాలిన రసాలతో తాండ్ర వేస్తుంది. రుచికి ఎవరూ వంక పెట్టలేరు. ఎండబెట్టడానికే చోటు లేదు. పోయినేడు వేసిన తాండ్ర చాపల మీద ఉండగానే అకాల వాన వచ్చి మొత్తం బూజు పట్టించింది. అప్పటినుంచి దానికి ఒకటే ధ్యాస. పైకప్పున్న షెడ్డు కావాలి, ఆరబెట్టే మిషన్ కావాలి. గిరిజనులు, కూలి ఆడవాళ్లు కలిసి సంఘం పెట్టుకుంటే కొంత ఉచితంగా ఇస్తారని, మిగతాది బ్యాంకు అప్పని ఊరి సచివాలయంలో విని వచ్చింది. అర్జీ కూడా తన పేరు మీదే పెట్టింది.

"ఉచితంగా ఎవడిస్తాడే?" అన్నాను.

"గవర్నమెంటు ఇస్తుంది అత్తమ్మా. నువ్వు దేవుడి ప్రసాదం చేతిలో పెట్టినా వాసన చూస్తావు."

"చూస్తాను. పాచిపోయింది పెట్టినవాళ్లు కూడా ఉన్నారు."

అర్జీ పెట్టిన వారానికి షావుకారు మా పేటకి వచ్చాడు. మా మంచం మీద కూర్చున్నాడు. మంచినీళ్లు అడిగి, మా కుండలో నీళ్లు మా గ్లాసుతోనే తాగాడు. ఇన్నేళ్లుగా ఆయన తోటలో పని చేస్తున్నాం, ఎండకి నాలుక పిడచ కట్టినా కారులో సీసా తెప్పించుకున్నాడే తప్ప మా నీళ్లు ముట్టలేదు. ఈ రోజు ఏమొచ్చింది ఈయనకి అనుకున్నాను.

"సంఘానికి పది మంది ఉండాలంటమ్మా. మీరు ఎనిమిదే. ఇద్దర్ని నేను కలుపుతాను. చదువుకున్నోళ్లు, లెక్కలవీ చూసుకుంటారు," అన్నాడు.

"ఊరికే చూసుకుంటారా బాబూ?" అన్నాను.

"ఒకరు అధ్యక్షురాలు, ఒకరు కోశాధికారి. బ్యాంకు చుట్టూ తిరిగే తిప్పలు మీకెందుకు?"

"మరి షెడ్డు ఎక్కడేస్తారండీ?" అని కోడలు అడిగింది.

"నా స్థలంలో వేసుకోండి. మీ దగ్గర అద్దె తీసుకుంటానా?"

ఆ ఇద్దరూ ఎవరో తర్వాత తెలిసింది. ఒకావిడ ఆయన మరదలు, ఇంకొకావిడ ఆయన గుమాస్తా భార్య. ఖాతా వాళ్ల చేతిలో, షెడ్డు ఆయన నేల మీద, అప్పు మా నెత్తిన. తెలిసిన రోజు రాత్రి ఇదే చెబితే కోడలు ముఖం తిప్పుకుంది. "మనకి పది మంది దొరకలేదు కదా. ఇంకో దారి ఉంటే చెప్పు," అంది. నా దగ్గర దారి లేదు. అనుమానం ఒక్కటే ఉంది. ఆ ఇద్దరి పేర్లూ సంఘంలో చేరిపోయాయి.

ఇక ఆ మంగళవారం సంగతి. పెట్టెలు పేర్చే పాకలో ఆఫీసరమ్మ కుర్చీ వేసుకుంది. షావుకారు కొబ్బరిబోండం కొట్టించి ఇచ్చాడు. తాగింది. సంఘంలో ఉన్నవాళ్లు నిజంగా ఉన్నారా లేదా అని చూడడానికి వచ్చానంది. సంచిలోంచి వేలిముద్రల మిషన్ తీసింది.

యాభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని నేను. అంతకుముందంతా వేలిముద్రే. సంతకం వచ్చాక ఇంక ఎవరికీ వేలు ఇవ్వనక్కర్లేదని సంబరపడ్డాను. ఇప్పుడు ఏ ఆఫీసుకి వెళ్లినా సంతకం వద్దు, వేలే కావాలంటున్నారు.

కోడలు వేలు పెట్టింది. ఎర్ర లైటు. తుడుచుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ ఎర్రదే. రెండో చెయ్యి, కొబ్బరినూనె, తడి గుడ్డ, ఏం చేసినా అంతే. మా వరస మొత్తం అలాగే అయింది. మా పక్కింటి వదిన వేలు పైకెత్తి చూసుకుని, "నా వేలు నాకే ఆనవాలు చిక్కట్లేదు, దానికేం చిక్కుద్దిలే," అంది. అందరం నవ్వాం. కోడలు నవ్వలేదు.

తర్వాత ఆ ఇద్దరూ వచ్చారు. కూలివాళ్లలా కనబడాలని నేత చీరలు కట్టుకున్నారు. మడతలు ఇంకా పోలేదు. షావుకారు మరదలు వేలు పెట్టగానే పచ్చ లైటు వెలిగింది. గుమాస్తా భార్యకీ అంతే.

"వీళ్లిద్దరివి వచ్చాయి," అని ఆఫీసరమ్మ రాసుకుంటోంది.

నేను ముందుకి వెళ్లాను. "మేడంగారూ, ఇది కోతల కాలం. కాయ ముట్టిన వేలు మీ మిషన్లో పడదు. పడిందంటే ఆ వేలు కాయ ముట్టనట్టే. ఆ ఇద్దరూ ఏ తోటలో పని చేశారో అడగండి."

"ముసలమ్మా, నీ పెట్టెలు నువ్వు చూసుకో," అన్నాడు షావుకారు.

"మేం గ్లవుజులు వేసుకుంటామండీ," అంది మరదలు.

"ఏ కొట్లో అమ్మా? చెబితే మేమూ కొనుక్కుంటాం," అంది వదిన.

ఆఫీసరమ్మ మా చేతులు చూసింది. వాళ్ల చేతులూ చూసింది. అర్థం కాకపోవడానికి చిన్నపిల్ల కాదు. అయినా ఆవిడ అన్నది ఇది: "మామ్మగారూ, మిషన్ చెప్పిందే నేను రాయాలి. ఈ ఇద్దరితో ఖాతా తెరుస్తాం. మీ వేళ్లు బాగుపడ్డాక మిమ్మల్ని చేర్చుకుంటారు."

"ఎవరు చేర్చుకుంటారండీ?" అని కోడలు అడిగింది.

"అధ్యక్షురాలు."

కోడలు మరదలి వంక చూసింది. ఆవిడ చీర కొంగు సర్దుకుంటోంది. నేను పక్కకి జరిగాను. షెడ్డు కావాలన్నది కోడలు, చెప్పాల్సిందీ అదే. వేలి మీది పొర ఒకటి గిల్లి పారేసి ఆఫీసరమ్మ వైపు తిరిగింది.

"అర్జీ పెట్టింది నేను. వెనక్కి తీసుకోవాలంటే ఏం చెయ్యాలి మేడం?"

"నీకు పిచ్చా?" అన్నాడు షావుకారు. "వచ్చేది కాలదన్నుకుంటావా?"

"మీకొచ్చేదేగా అండీ," అంది కోడలు.

ఆఫీసరమ్మ మిషన్ సంచిలో పెట్టింది. తర్వాత, "తెల్లకాగితం మీద రాసి సంతకం పెడితే చాలు," అంది. ఇవ్వడానికైతే వేలు కావాలి. వద్దనడానికి సంతకం సరిపోయింది.

కాగితం నేనే రాశాను, కోడలూ మిగతావాళ్లూ కింద సంతకమో వేలో పెట్టారు. నా అక్షరాలు పెద్దవి, వంకరవి, ఒక పేజీ చాలలేదు. వానలు పడ్డాక, వేళ్లకి కొత్త చర్మం వచ్చాక, మా పేటలోనే ఇంకో ఇద్దర్ని చూసుకుని మళ్లీ పెట్టుకుంటామని రాశాను. షావుకారు అక్కడే చెప్పేశాడు, రేపటినుంచి తోటకి రావద్దని. ఎవరూ బతిమాలలేదు. ఆఫీసరమ్మ కాగితం సంచిలో పెట్టుకుని మళ్లీ ఆయన కారే ఎక్కింది. దారిలో చింపేశారేమో నాకేం తెలుసు? అందుకే కోడలు ముందే ఫోనులో ఫొటో తీసిపెట్టింది. ఏడాదికి సరిపడా కూలి తెచ్చే నెలలోనే పని పోయింది. వాన భయం పెట్టుకునే చాపల మీద తాండ్ర వేస్తోంది కోడలు.

రేపు ఎవరైనా వచ్చి, మీరంతా ఒప్పుకునే ఆ ఇద్దరికీ ఇచ్చారు కదా అంటే చూపించడానికి, కాగితం అడుగున అక్కడున్న అందరి పేర్లూ రాశాను. ఇక్కడ పేర్లు రాయను, మనుషుల్ని చెబుతాను. అర్జీ పెట్టి, తనే వెనక్కి తీసుకున్న నా కోడలు. పక్కింటి వదిన. తల్లి వెనకే సంతకం పెట్టిన ఆవిడ కూతురు. పక్క వీధి అక్కచెల్లెళ్లు ముగ్గురు. ఇంక్ పూసుకుని బొటనవేలు వేసిన మా పినతల్లి. కొబ్బరిబోండం తాగిన ఆఫీసరమ్మ. షావుకారు. వేళ్లు పడిన ఆ ఇద్దరు. రాసిన నేను.