నౌకరు వేషానికి ఓదెలు మాట

ఓదెలుకు నవ్వేవాళ్లంటే పడదు. కృష్ణానగర్‌లో అతను కిరాయికుండే సందులో ఆ సంగతి అందరికీ తెలుసు. చాయ్ బండి దగ్గర నలుగురు చేరి పకపకలాడుతుంటే, తన గురించేనేమో అన్నట్టు ఒక చూపు చూసి, చాయ్ ముట్టకుండానే వెళ్లిపోయేవాడు.

జనగామ పక్క పల్లె నుంచి పందొమ్మిదో ఏట వచ్చి ఇరవై రెండేళ్లు సినిమా షూటింగుల్లో లైట్‌మన్‌గా చేశాడు. ఒకసారి ఒక దర్శకుడు అతని మాట విని ముచ్చటపడి, రౌడీల చేతిలో దెబ్బలు తినే గుంపులో నిలబెట్టి ఒక్క డైలాగు చెప్పించాడు. "మా తమ్ముని ఎందుకు కొడుతున్నరు సార్?" అంతే. సినిమా వచ్చిన రోజు ఓదెలు భార్య దేవమ్మను తీసుకుని హాలుకు వెళ్లాడు. తెరమీద అతను నోరు తెరవగానే హాలంతా ఘొల్లుమంది. తమ్ముణ్ణి కొడుతుంటే ఏడ్చినవాణ్ణి చూసి ఎందుకు నవ్వారో అతనికి ఆ రోజు అర్థం కాలేదు. ఇంటికొచ్చాక అర్థమైంది, వాళ్లు నవ్వింది తన యాసకని. ఆ తర్వాత ఎవరు కెమెరా ముందుకు పిలిచినా వెళ్లలేదు.

ఫిల్మ్ నగర్‌లో ఒక సెట్టు దగ్గర ఎత్తు మీద నుంచి పడి మోకాలు దెబ్బతిన్నాక లైట్ల పని పోయింది. జూబ్లీహిల్స్‌లోని ఒక పెద్ద బడిలో అటెండరుగా కుదిరాడు. బడి ఉద్యోగం కాదు, మనుషుల్ని పనికి పంపే ఏజెన్సీ ద్వారా వచ్చింది. ఏడేళ్లుగా కుంటుతూనే మూడంతస్తులు ఎక్కి దిగుతున్నాడు. పిల్లలతో అవసరమైనంత వరకే మాట.

ఆ ఏడు తొమ్మిదో తరగతికి తెలుగులో ఒక నాటకం పాఠంగా పెట్టారు. వెనకటి నాటక సమాజాల కాలంనాటి హాస్య నాటకం. ఒక యువరాజు తను కోరిన రాకుమారి కోసం మంత్రగత్తె దగ్గర మాయ అత్తరు తెప్పించుకుంటాడు. ఎవరి చేతి నుంచి ఆ వాసన తగిలితే వాళ్లమీద ప్రేమ పుడుతుంది. సీసా మోసుకొచ్చే ఇద్దరు నౌకర్లు దాన్ని దారిలో ఒలకబోసుకుంటారు. దాంతో రాకుమారి ముసలి దివాను వెంటా, యువరాజు గుర్రాలవాడి పెళ్లాం వెంటా పడతారు. చివరికి మాయ విడిపోతుంది, పెళ్లిళ్లవుతాయి. తెలుగు టీచరు శారదాదేవి దాన్ని పాఠంగా చెప్పి ఊరుకోకుండా, వార్షికోత్సవానికి ఆడించాలని కూడా పట్టుబట్టింది.

ఒకరోజు ఆమె ఓదెలును క్లాసులోకి పిలిచింది.

"ఓదెలూ, నీ భాష ఎంత ముచ్చటగా ఉంటుందో! మా పిల్లలకి అదసలు రాదు. మూడు పీరియడ్లు కూర్చుని వాళ్లతో మాట్లాడతావా?"

"నేనా మేడం? నేనేం చెప్పాలె?"

"ఏదైనా సరే. నీ ఊరు, నీ పని. వాళ్లు రాసుకుంటారు."

బల్లల ముందు కుర్చీ వేయించి అతన్ని కూర్చోబెట్టింది. ఆ బడిలో ఓదెలు కుర్చీలు మోయడమే తప్ప కూర్చున్నది లేదు. ముప్ఫైమంది పిల్లలు కలాలు పట్టుకుని అతని నోటివంక చూస్తుంటే కుర్చీ అంచుకు జరిగాడు. మెల్లగా మొదలుపెట్టాడు. పొద్దుమీకడమంటే చీకటి పడడమని చెప్పాడు. యాది అంటే జ్ఞాపకమని చెప్పాడు. రష్మి అనే అమ్మాయి మాత్రం ఏమీ రాసుకోలేదు. ఎందుకమ్మా రాస్తలేవు అని అడిగితే తల దించుకుని, "మా నానమ్మ ఇట్లనే మాట్లాడుతది" అంది, పక్కవాళ్లకు వినబడకుండా.

రెండో రోజు పృథ్వీరాజ్ లేచాడు. ఒక నిర్మాత కొడుకు, చురుకైనవాడు. "మీ కాలికేమైంది అంకుల్?" అని అడిగాడు.

ఓదెలు చెప్పాడు. ఎవరికీ వివరంగా చెప్పని సంగతి అది. "కాలు జారంగనే మా అమ్మ యాదికొచ్చింది బిడ్డా. కింద పడ్డంక నొప్పి తెల్వలే. బుగులైంది. గంతే, బుగులు. ఇగ నడుస్తనో లేదోనని."

పృథ్వీరాజ్ 'బుగులు' అని రాసి, పక్కన 'భయం' అని రాసుకుని, కింద గీత గీసుకున్నాడు. ఆ సాయంత్రం ఓదెలు దేవమ్మతో, "నేను పాఠం జెప్తున్న" అన్నాడు. యూసుఫ్‌గూడలో ఒక హాస్టలుకు వంటచేసి అలసిపోయి వచ్చిన దేవమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"వాళ్లకు నీ మాటతోని ఏం పని?"

"నేర్చుకుంటున్నరే."

"నేర్చుకొని ఏం జేస్తరంట?"

ఓదెలుకు కోపమొచ్చింది. ఈమెకు ఎప్పుడూ ఇంతే అనుకున్నాడు.

మూడో పీరియడు కూడా అయిపోయిన వారానికి, మంచినీళ్ల క్యాను మోసుకుంటూ ఆడిటోరియంలోకి వెళ్లాడు. స్టేజీ మీద యువరాజు అచ్చమైన పుస్తకాల తెలుగులో రాకుమారిని పొగుడుతున్నాడు. ఇంతలో పక్కనుంచి నౌకరు వచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో అత్తరు సీసా. వేషం పృథ్వీరాజ్‌ది. కుడికాలు ఈడుస్తూ నాలుగడుగులు వేసి, సీసా జారవిడిచి, గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు.

"కాలు జారంగనే మా అమ్మ యాదికొచ్చింది దొరా! బుగులైంది! గంతే, బుగులు!"

పిల్లలు బల్లలమీద వాలిపోయి నవ్వారు. శారదాదేవికి నవ్వి నవ్వి కళ్లల్లో నీళ్లు వచ్చాయి. "ఆ కుంటడం భలే ఉంది నాన్నా, అది వదలకు" అంది.

ఓదెలు క్యాను కింద పెట్టాడు. తిన్నగా స్టేజీ దగ్గరికి వచ్చాడు.

"మేడం, గీ నాటకంల రాజెందుకు నా లెక్క మాట్లాడడు?"

శారదాదేవి కళ్లు తుడుచుకుంది. "ఏంటి ఓదెలూ? రాజు రాజులా మాట్లాడాలి కదా."

"మా ఊర్ల దొర గూడ నా లెక్కనే మాట్లాడిండు మేడం. మా నాయినను చెట్టుకు కట్టేపిచ్చి కొట్టిపిచ్చినప్పుడు గీ మాటనే మాట్లాడిండు. ఒక్కడు నవ్వలే."

ఆమె ముఖం ఎర్రబడింది.

"ఇది కామెడీ. నీకు తెలియకపోతే ఊరుకో. పిల్లల ముందు గొంతు లేపుతావేంటి? వెళ్లు ఇక్కడినుంచి."

"పోత. నేను జెప్పిన మాటలు గూడ తీసెయ్యుండ్రి."

"నువ్వు చెప్పిన మాటలేంటి, నీ సొత్తా?"

గంట తిరక్కముందే ప్రిన్సిపాలు రఘునందన్ పిలిపించాడు. టీచరుతో అమర్యాదగా ప్రవర్తించినందుకు క్లాసులో పిల్లలందరి ముందూ క్షమాపణ చెప్పాలన్నాడు. ఏజెన్సీ సూపర్‌వైజరు తిరుమలేశ్ ఫోను చేశాడు. "మాఫీ అడుగన్నా. నీ కాలు జూసి నిన్ను ఇంకోకాడ ఎవడు పెట్టుకుంటడు?" అన్నాడు.

దేవమ్మ ఇంకా కటువుగా మాట్లాడింది. "వాళ్లను అనుడెందుకు? అడగంగనే అంత పోసినవు. మీ అమ్మను గూడ పోసినవు. ఏడేండ్ల సంది నాకు జెప్పనిది వాళ్లకు జెప్పినవు." అని కంచం అతని ముందుకు తోసి, తను తినకుండా గోడవైపు తిరిగి కూర్చుంది.

మర్నాడు క్లాసులో నిలబడ్డాడు. పిల్లలు అతని నోటివంకే చూస్తున్నారు, ఏదో ఒక కొత్త మాట దొరుకుతుందన్నట్టు. ఓదెలు చేతులు కట్టుకోలేదు. ఇరవై రెండేళ్లు లైట్ల వెనక నిలబడి హీరోల నోట విన్న తెలుగులో, ఒక్క అక్షరం తొణకకుండా చెప్పాడు.

"మేడంగారూ, నిన్న నేను మాట్లాడిన తీరు సరికాదు. పెద్ద మనసుతో నన్ను క్షమించండి."

శారదాదేవి ఒక్క క్షణం తడబడింది. క్షమాపణలో వంక పెట్టడానికేమీ లేదు. అయినా చెంపమీద కొట్టినట్టు ఆమెకు అనిపించింది. "సరే, వెళ్లు" అంది.

ఆ రోజు నుంచి ఓదెలు బడిలో తన మాట మాట్లాడడం మానేశాడు. గేటు దగ్గరా అంతే, స్టాఫ్ రూములోనూ అంతే. వారం తర్వాత శారదాదేవి పంతం పక్కనపెట్టి, "ఓదెలూ, 'తొందరగా వచ్చేయ్' అన్నదాన్ని మీవాళ్లు ఎలా అంటారు?" అని అడిగింది. అతను ఆమె కళ్లలోకి చూసి, "నాకు తెలియదండీ" అన్నాడు. మళ్లీ ఆమె అడగలేదు. ఇద్దరూ వరండాలో ఎదురుపడితే చెరో గోడవైపుకు జరిగి నడిచేవారు.

వార్షికోత్సవం డిసెంబరులో, పగటిపూట. స్టేజీ లైట్లు ప్రతి ఏడూ ఓదెలే చూసేవాడు. మనసులో ఏమున్నా ఆ పనికి ఇంకో మనిషి లేడు కాబట్టి రఘునందన్ అతనికే అప్పగించాడు. హాలు వెనక ఎత్తు బల్లమీద పెద్ద లైటు పక్కన నిలబడ్డాడు ఓదెలు. యువరాజుకు లైటు సరిగ్గా వేశాడు. ముసలి దివాను వెంట పరుగెత్తే రాకుమారిని అడుగు తప్పకుండా పట్టుకున్నాడు. ఆ రాకుమారి రష్మి. బాగా చేసింది, పుస్తకాల తెలుగులో.

నౌకరు కుంటుతూ వచ్చాడు. చూడవచ్చిన తల్లిదండ్రుల్లో నవ్వు మొదలైంది. సీసా జారింది. "మా అమ్మ యాదికొచ్చింది దొరా!" హాలు ఘొల్లుమంది. ఏళ్ల కింద సినిమా హాల్లో విన్న నవ్వే అది, పిసరంత తేడా లేదు.

ముందే అనుకుని చేసింది కాదంటాడు ఓదెలు. చెయ్యి దానంతటదే తిరిగిందట. స్టేజీ మీది వెలుగు జారి, జనం మీదికి వచ్చి, ముందువరసలో నోళ్లు తెరుచుకుని నవ్వుతున్నవాళ్ల ముఖాలమీద నిలబడింది. పట్టుచీరలు, నల్ల కోట్లు, బంగారు వాచీలు ఆ వెలుగులో తెల్లబోయాయి. జనం కళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. నవ్వు ఎక్కడిదక్కడ తెగిపోయింది. శారదాదేవి లేచి వెనక్కి తిరిగి, "లైటు! లైటు!" అని అరిచింది. ఓదెలు కదపలేదు. పైకి ఉరికొచ్చిన వాచ్‌మన్ అతని చెయ్యి లాగేదాకా అలాగే పట్టుకున్నాడు.

నాటకం మళ్లీ సాగింది, చప్పట్లూ పడ్డాయి. ఓదెలుకు మాత్రం ఆ సాయంత్రమే గుర్తింపు కార్డు తీసుకుని ఇక రావద్దన్నారు. రఘునందన్ ఎందుకిలా చేశావని అడిగాడు. ఓదెలు చెప్పలేదు. చెప్తే అది కూడా రాసుకుంటారనిపించింది.

రెండు నెలలు పని దొరకలేదు. దేవమ్మ తిట్టింది, తిడుతూనే హాస్టలు నుంచి కూర పట్టుకొచ్చింది. తర్వాత తిరుమలేశే ఫిల్మ్ నగర్‌లో ఒక ఆఫీసుల భవనం గేటు దగ్గర కూర్చోబెట్టాడు. వచ్చేపోయే బళ్ల నంబర్లు రాయడం పని.

మొన్న వేసవిలో ఒక కారు గేటు ముందు ఆగింది. వెనక అద్దం దిగింది. పృథ్వీరాజ్. కొంచెం ఎదిగాడు, మీసం మొలుస్తోంది.

"ఓదెలన్నా! మంచిగున్నవా? కాలు ఎట్లుంది?"

ఒక్క పలుకు తప్పు పోలేదు. ఓదెలే నేర్పిన పలుకు. పిల్లవాడి ముఖంలో నవ్వుంది. అది ఎలాంటి నవ్వో ఓదెలు వెతికాడు, తేలలేదు.

"బాగానే ఉందండీ" అన్నాడు. కారు నంబరు రాసుకుని, గేటు తీసి పక్కకు జరిగాడు. కారు లోపలికి వెళ్లింది.

ఇంటికెళ్లి చెప్తే దేవమ్మ పొయ్యిమీది గిన్నె దించి కంచాలు పెట్టింది. తర్వాత, "పోరడు నిజంగనే అడిగిండేమో" అంది.

"అడిగితే అడగనీ" అన్నాడు ఓదెలు.

"నీకు జవాబు చెప్పుడు రాదా?"

"వస్తది. వానికి చెప్ప."

దేవమ్మ గిన్నెలో మిగిలిన అన్నం అతని కంచంలో వేసింది.