భోక్తగారి డైట్

చీరాలలో మా పక్కింటి అనంతపద్మనాభంగారికి ఆబ్దికాల్లో భోక్తగా కూర్చోవడమే బతుకుతెరువు. చనిపోయినవాళ్ల తరఫున ముప్ఫై ఏళ్లు తిన్నారు. వాళ్లకు తృప్తి, ఈయనకు షుగరు.

పోయిన మాఘంలో కుడికాలి చిటికెనవేలికి పుండు లేచింది. నెలరోజులు అన్నం, తీపి మానకపోతే వేలు తీసేయాలన్నాడు డాక్టరు. వేలు పోతే అంగలోపం. అంగలోపం ఉన్నవాణ్ణి భోక్తగా ఎవరూ పిలవరు. అంటే, తినే పని నిలవాలంటే తిండి మానాలి.

మానేశారు. కంటపడనిది నోరు అడగదని భార్య శ్యామలాంబ బియ్యం డబ్బా తెచ్చి మా ఇంట్లో పెట్టింది. ముందు గిన్నెడు కూర, తర్వాత మజ్జిగ, ఆకలేస్తే గుప్పెడు వేయించిన వేరుశనగలు. ఇరవై రోజులకు పుండు ఎండడం మొదలైంది.

ఇరవై ఒకటో రోజు శశిభూషణ్ ఇంట్లో అతని తండ్రి ఆబ్దికం. శశిభూషణ్ కాలేజీ లెక్చరరు. ఏడాదిగా అన్నం మానేసి, ఎదురైనవాళ్లందరి చేతా మాన్పిస్తున్నాడు. ఆచారం ప్రకారం భోక్త కాళ్లు కడుగుతూ పుండు చూశాడు.

"బాబాయిగారూ, కార్బ్స్ ముట్టకండి. బయట భోజనముంటే ఇంట్లోనే కాస్త తిని బయల్దేరాలి. ఎవరు వడ్డించినా మొహమాటపడకూడదు."

భోక్త ఆ పూట పచ్చి మంచినీళ్లైనా ముట్టకుండా రావాలని అతనికి తెలియనిది కాదు.

విస్తట్లో గారెలు, అప్పాలు, పరమాన్నం వచ్చాయి. పద్మనాభంగారు ఒక గారె తిని చెయ్యి అడ్డం పెట్టారు.

"చాలు నాయనా. తృప్తయింది."

శశిభూషణ్ మొహం మాడింది. "మా నాన్న ఆరు గారెలకు తగ్గేవారు కాదండీ. పస్తు పంపుతారా ఆయన్ని?"

"మీ నాన్న పోయింది షుగరుతోనే కదా."

"ఈ ఒక్కపూటకేనండీ." ఇంకో నాలుగు గారెలు వేసి, పరమాన్నం మీద నెయ్యి పోశాడు.

ఆ వారంలో మరో మూడిళ్లు ఉన్నాయి. భోక్త విస్తట్లో వదిలేశాడన్న మాట ఆయనకన్నా ముందే అక్కడికి చేరుతుంది. తిన్నారు. నాలుగిళ్లలోనూ తిన్నారు. శశిభూషణ్ మాత్రం ప్రసాదమని ఒక మెతుకు నాలుక మీద వేసుకుని, బాదంపప్పుల డబ్బా తెరుచుకున్నాడు.

నెల తిరక్కుండా వేలు తీసేశారు. శశిభూషణ్ ఆస్పత్రికి వచ్చాడు.

"నోరు కట్టుకోవాలి బాబాయిగారూ" అన్నాడు. తర్వాత శ్యామలాంబను వరండాలోకి పిలిచాడు. "వచ్చే ఏడాదికి దర్శి నుంచి ఒకాయన్ని మాట్లాడాను పిన్నిగారూ, ఏమీ అనుకోకండి. చిన్నవాడు. ఎంత పెట్టినా తింటాడు. ఇంకా షుగరు రాలేదట."