రెండు మడమలూ నేల మీద

అంగుళం మాస్టారు ఊళ్ళో తలలన్నిటికీ తెలిసిన మనిషి. అసలు పేరు సెలూన్ లైసెన్సు మీద ఉంది, దాన్ని చదివిన పుణ్యాత్ముడు లేడు. పొట్టిగా ఉంటాడని అంగుళం అన్నారో, ఎవరొచ్చి కుర్చీలో కూర్చున్నా "ఒక్క అంగుళం తీస్తే చాలు, మిగతాది వయసే తీస్తుంది" అంటాడని అన్నారో ఇప్పుడు తేల్చడం కష్టం. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని ఊరికే అనలేదు. సెలూన్లో కుర్చీ చుట్టూ చెక్కతో ఒక దిమ్మ కట్టించుకున్నాడు. దాని మీద గుండ్రంగా తిరుగుతూ, కూర్చున్నది ఆరడుగుల పోలీసైనా సరే, నడినెత్తి మీద నుంచి చూస్తూ కత్తిరిస్తాడు. పని చేస్తున్నంతసేపూ ఆయన పొట్టివాడన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. గుర్తొచ్చేదల్లా బండెక్కినప్పుడే.

ఆయనది మామూలు బండి, అందరి దగ్గరా ఉండేలాంటిదే. కదులుతున్నంతసేపూ దానికీ ఆయనకూ పేచీ లేదు, ఆగితేనే చిక్కు. సీటు మీద కూర్చుంటే కాళ్ళ వేళ్ళ కొసలు మాత్రమే నేలను తాకుతాయి. సీటులో స్పాంజి రెండుసార్లు కోయించాడు. సీటు పీటలా తయారైంది గానీ కాళ్ళు పొడుగవలేదు. స్కూటరు కూడా ఎక్కి చూశాడు. దాని వెడల్పుకి కాళ్ళు చెరో పక్కకీ పోయి, ఉన్న పొడుగు కూడా తగ్గింది. ఇక లాభం లేదని వేరే విద్య నేర్చుకున్నాడు. ఎక్కడ ఆగాల్సి వచ్చినా ఎడమ పక్క ఫుట్‌పాత్ అంచు చూసుకుని, దాని మీద ఎడమ పాదం ఆనించి దర్జాగా నిలబడేవాడు. ఊళ్ళో ఏ వీధిలో అంచు ఎత్తుగా ఉంటుందో, ఏ మలుపులో విరిగిపోయిందో, ఎక్కడ కార్లు అడ్డంగా పెట్టి చస్తారో అన్నీ కంఠతా. దగ్గరి దారి వదిలేసి అంచున్న దారిలో వెళ్ళేవాడు. ఎక్కడికి పిలిచినా అందరికంటే ఆలస్యంగా వచ్చేవాడు, కానీ పరువుగా వచ్చేవాడు.

ఆ విద్యే ఎనిమిదేళ్ళ కిందట కొంప ముంచింది. భార్యను వెనక కూర్చోబెట్టుకుని వంతెన ఎక్కుతున్నాడు. ఎగువ మీద సిగ్నల్ పడింది. ఎప్పుడూ ఆగే చోటే ఆగి, ఎప్పుడూ పెట్టే చోటే కాలు పెట్టాడు. అక్కడ అంచు లేదు. కొత్త కాలిబాట వేయడానికి పాతదాన్ని తవ్వి పారేశారు. కాలు గాల్లోకి దిగింది, దాని వెనకే బండి, బండి కింద ఆవిడ. మణికట్టు విరిగింది.

ఆవిడ తిట్టి ఉంటే ఆయన బతికిపోయేవాడు. ఒక్క మాట అనలేదు. కట్టు విప్పాక పనికి వెళ్ళే రోజున, బండి బయటికి తీస్తున్న మొగుడితో, "నేను బస్సులో వెళ్తాలెండి, హాయిగా ఉంటుంది" అంది. ఆవిడ పనిచేసేది ఆసుపత్రి లాండ్రీలో. రోజంతా నిలబడి ఆవిరి పట్టిన దుప్పట్లు మడతపెట్టాలి. ఆ తర్వాత బస్సులో కూడా నిలబడటమే, సీటు దొరికిన రోజు పండగ. అందులో హాయేమిటో ఆయనకు అర్థం కాకపోలేదు. తన మీద నమ్మకం పోయిందని అర్థమైంది. అంతే, నోరెత్తలేదు.

నోరెత్తలేదు గానీ ఊరుకోనూ లేదు. రోజూ సాయంత్రం ఆవిడ షిఫ్టు దిగే వేళకు సెలూన్ మూసి ఆసుపత్రి దగ్గరికి వెళ్ళేవాడు. ఆవిడ బస్సెక్కేది. బస్సు వెనకే ఈయన బండి మీద ఇంటిదాకా. బస్సు వెనక అద్దంలోంచి ఆవిడ తల కనిపిస్తూ ఉండేది. వంతెన ఎగువ దగ్గర సిగ్నల్ పడితే మాత్రం బండి దిగి, పక్కన నిలబడి పట్టుకునేవాడు. వెనకవాళ్ళు హారన్లు కొట్టేవారు. ఆయన తల తిప్పేవాడు కాదు, బస్సులో ఆవిడా తిప్పేది కాదు. తమ వీధి మొదట్లో ఆవిడ దిగితే, బండి నడిపించుకుంటూ పక్కనే ఇంటిదాకా నడిచేవాడు. ఎనిమిదేళ్ళు ఒక మనిషి బస్సు వెనక తిరిగాడంటే నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. నాకైతే అంత ప్రేమను ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఇలా ఉండగా సెలూన్‌కి నాలుగు కొట్ల అవతల ఉన్న షోరూమ్‌లోకి కొత్త క్రూయిజర్ బండి దిగింది. పొడుగాటి ఒళ్ళు, వెడల్పు హ్యాండిలు, కాళ్ళు ముందుకి చాపుకుని కూర్చునే వాటం. నల్ల రంగు అద్దంలా మెరుస్తోంది. వారం పాటు సెలూన్లో దాని మాటే. గడ్డానికి వచ్చే ఒక రిటైరైన గుమాస్తా, ఆ ధరకి పాత కారొస్తుందని, నెత్తిన కప్పు కూడా ఉంటుందని లెక్క తేల్చాడు. అందరికంటే గట్టిగా కొట్టిపారేసింది మాస్టారి బావమరిది. అతనిది పాత బళ్ళు కొని అమ్మే కొట్టు, బండి దగ్గు విని రోగం చెప్పే రకం.

"పైన పటారం, లోన లొటారం బావా. ఇంజను పాతదే. రంగు కొత్తది, తెర కొత్తది, ధర మరీ కొత్తది" అన్నాడు.

అతని మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. ముందు పెట్టిన తెర దారి చూపిస్తుందట. ఊళ్ళో ప్రతి రాయీ తెలిసినవాడికి దారెందుకు? ఫోనొస్తే పేరు చూపిస్తుందట. మాస్టారి ఫోను పగలంతా సొరుగులో కత్తెరల మధ్య ఉంటుంది. మైలేజీ తక్కువ, బరువు ఎక్కువ, ఇరుకు సందులో తిప్పాలంటే చెమటలు పడతాయి. రెండు చక్రాలకూ జారకుండా ఆపే బ్రేకులు బాగున్నాయని బావమరిది కూడా ఒప్పుకున్నాడు, కానీ అంతకంటే తక్కువకే అవి ఉన్న బళ్ళు వేరే దొరుకుతాయన్నాడు. మాస్టారు అన్నిటికీ తలూపి, చివర్లో ఒకటే అడిగాడు, సీటు ఎంత ఎత్తని. బావమరిది చేత్తో చూపించాడు. మాస్టారు ఆ చెయ్యి వంక చాలాసేపు చూశాడు.

మర్నాడు మధ్యాహ్నం టెస్ట్ రైడ్‌కి బావమరిదినే వెనక ఎక్కించుకున్నాడు. బావమరిది బియ్యం బస్తాలాంటి మనిషి, కావాలనే అతన్ని ఎంచుకున్నాడు. నేరుగా వంతెన దారి పట్టాడు. ఎగువ మీద సిగ్నల్ పడింది. ఫుట్‌పాత్‌కి దూరంగా, రోడ్డు నడిమధ్యన ఆగి, రెండు పాదాలూ దింపాడు. వేళ్ళు ఆనాయి, మడమలు కూడా ఆనాయి, మోకాళ్ళలో ఇంకా కొంచెం వంపు మిగిలింది. అంత బరువున్న బండీ, అంత బరువున్న బావమరిదీ కదలకుండా ఆయన కాళ్ళ మధ్య నిలబడ్డారు. బరువంతా కిందనే ఉండటం వల్ల ఎటూ తూగలేదు. పచ్చ లైటు పడింది, హారన్లు మొదలయ్యాయి.

"బావా, కదులు" అన్నాడు వెనకాయన.

"ఒక్క నిమిషం ఉండరా, బాగుంది" అన్నాడు మాస్టారు.

షోరూమ్‌కి తిరిగొచ్చాక ఆయన బేరమాడింది ఒక్కదానికే. వెనక సీటుకి వీపు ఆనించుకునే మెత్త విడిగా కొనుక్కోవాలన్నారు, అది బండితోపాటు ఇవ్వాలన్నాడు. సెలూన్లో రెండో కుర్చీ కోసం దాచిన డబ్బంతా దీని కిందికి పోయింది. బావమరిది తల పట్టుకున్నాడు. మొండివాడు రాజు కంటే బలవంతుడని గొణిగి, అక్కకు ఫోన్ చేసి చెప్పాడు. ఆయన కష్టం, ఆయన ఇష్టం అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

బండి చేతికొచ్చిన సాయంత్రం ఆసుపత్రి గేటు ముందు ఆపుకుని కూర్చున్నాడు. మంచి చొక్కా వేసుకున్నాడు. బయటికి వస్తున్న లాండ్రీ వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుంటూ వెళ్ళారు. ఆవిడ వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగింది. ఆవిడ ఎక్కకపోతే ఇది ఒట్టి ఇనుము, ఊరివాళ్ళు చెప్పినంత దండగ. ఆయన తన బూట్ల వైపు వేలు చూపించాడు.

"చూడు. రెండూ ఆనాయి. ఇక నిన్ను పడనివ్వను" అన్నాడు.

ఆవిడ బూట్ల వంకా, ఆయన మొహం వంకా మార్చి మార్చి చూసింది.

"నేను పడతానని భయపడి మానేశాననుకున్నారా?"

"మరి?"

"నా చెయ్యిదేముంది, నెలన్నరకి అతుక్కుంది. ఆ రోజు చుట్టూ జనం నవ్వుతుంటే మీరు రోడ్డు మీద నిలబడి, నాదే తప్పు, నాదే తప్పు అని వచ్చినవాడికీ పోయినవాడికీ చెప్పుకున్నారు. అది ఇంకోసారి చూడటం నావల్ల కాదనుకున్నాను. వెనక నా బరువు లేకపోతే ఎలాగోలా నిలబెట్టుకుంటారు కదా అని బస్సెక్కాను."

ఆయన ఎనిమిదేళ్ళుగా మోసుకు తిరిగిన నేరం ఒకటి, అసలది ఎవరూ మోపిందే కాదు.

"వంతెన దగ్గర బండి దిగి నిలబడతారని కూడా తెలుసు, మొదట్లో ఒకసారి చూశాను. నేను చూశానని తెలిస్తే చిన్నబుచ్చుకుంటారని ఆ తర్వాత వెనక్కి తిరిగేదాన్ని కాదు" అంది ఆవిడ.

"నాతో చెప్పొచ్చుగా."

"చెబితే మీ పొడుగు మాట ఎత్తినట్టవుతుంది. ఊళ్ళో అందరూ ఎత్తుతున్నారు, నేను కూడానా?"

నిజమే. ఇరవై రెండేళ్ళ కాపురంలో, కోపంలో గానీ సరసంలో గానీ, పొట్టి అన్న మాట ఆ ఇంట్లో వినపడలేదు. ఆయన ఆ సంగతి గమనించింది ఇప్పుడే. కళ్ళు తుడుచుకుంటే ఆసుపత్రి వాచ్‌మన్ చూస్తాడని హెల్మెట్ పెట్టేసుకున్నాడు. ఆవిడ ఇంకో హెల్మెట్ తీసుకుని, ఆయన భుజం పట్టుకుని ఎక్కి, వీపు వెనక్కి ఆనించి చూసుకుంది. బస్సు కంటే నయమేనంది. రోజంతా నిలబడ్డ నడుముకి ఆ మెత్త ఎంత సుఖమో ఆవిడ గొంతులో తెలిసింది. ఆ ధరకి ఆ బండి తగునా అని నన్నెవరైనా అడిగితే, ఇంజను సంగతి బావమరిదిని అడగమంటాను, ఆ గొంతు సంగతి మాత్రం నేను చెబుతాను.

వంతెన ఎగువ మీద సిగ్నల్ పడింది. ఆయన రోడ్డు మధ్యలో ఆగి రెండు కాళ్ళూ దింపాడు. బండి కదలలేదు. కాసేపటికి ఆవిడ ఆయన భుజం మీద నుంచి చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకుంది. కింద ఊరంతా అప్పుడే దీపాలు వెలిగించుకుంటోంది. డాబాలు, స్టేషను, పొగ గొట్టాలు, ఆ వెనక ఎర్రగా ఆకాశం.

"బస్సులో చుట్టూ జనం తలలే కనిపించేవి. ఇక్కణ్ణుంచి ఊరు ఇంత బాగా కనిపిస్తుందని ఎప్పుడూ చెప్పలేదేం?" అంది ఆవిడ.

ఆయనకూ తెలియదు. ఇన్నేళ్ళుగా ఎక్కడ ఆగినా ఆయన నేల వంకే చూశాడు.