ఊదారంగు గ్లాసు

మా పిన్ని భయస్తురాలు. ఈ మాట ఆమె ముందే అంటాను, ఆమె కూడా కాదనదు. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారి నుంచి వెనక్కి వచ్చే మనిషి. వేళకాని వేళ ఫోన్ మోగితే ఎత్తకుండా దాని వంకే చూస్తూ నిలబడుతుంది, ఎత్తకపోతే చెడు కబురు వచ్చిన దారినే పోతుందన్నట్టు. నేను ఆమె అక్క కూతుర్ని. వాళ్లది మూడో అంతస్తు, మాది రెండోది. పిన్ని భయాలన్నీ మెట్లు దిగి ముందు మా గుమ్మంలోకే వస్తాయి. నూటికి తొంభై తొమ్మిది ఉత్తివే. అందుకే ఆ మిగిలిన ఒక్కటి వచ్చిన సాయంత్రం నేను తీరిగ్గా టీ తాగుతూ విన్నాను.

పిన్ని కోల్డ్ స్టోరేజీలో పళ్లు ఏరుతుంది. గడ్డకట్టిన బ్లూబెర్రీలు బెల్టు మీద గలగలమంటూ వస్తుంటే, వాటిలోంచి ఆకులు, తొడిమలు, చితికిన పళ్లు తీసెయ్యాలి. ఉన్ని తొడుగు మీద రబ్బరు తొడుగు వేసుకున్నా వేళ్లు కొయ్యబారిపోతాయి. ఇంటికొచ్చాక కాసేపటిదాకా చెంబు కూడా సరిగ్గా పట్టుకోలేదు. చితికిన సరుకు వారం చివర పనివాళ్లకే పంచేస్తారు. అలా వాళ్లింటి ఫ్రిజ్ పై అర ఎప్పుడూ బెర్రీలతో నిండి ఉండేది.

వాటి విషయంలో మాత్రం పిన్నికి భయం లేదు. పాకెట్టును బయటినుంచే వేళ్లతో నొక్కి చూస్తుంది. పళ్లు విడివిడిగా కదిలితే మంచివి, ఒకే ముద్దగా ఉంటే మధ్యలో ఎక్కడో ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టినవి. రాత్రి గిన్నె అడుగున గుప్పెడు బెర్రీలు పరిచి, పైన ఓట్సూ పెరుగూ వేసి మూతపెడితే తెల్లారేసరికి రసం తనంతట తానే పైకి పాకి ఉంటుంది. కేకు పిండిలో వేసేముందు పొడిపిండిలో దొర్లించాలి, లేకపోతే అన్నీ అడుక్కి చేరతాయి. మా పిల్ల బడి నుంచి రాగానే పైకి పరిగెత్తేది. చిన్న గిన్నెలో నాలుగు చెంచాల పెరుగు, పైన కరగని బెర్రీలు. అవి తగిలినచోట పెరుగు గడ్డకట్టి పళ్లకి కరకరమంటుంది. వేరే చిరుతిండి మాటే ఎత్తేది కాదు.

ఇక బాబాయి. లిఫ్టు మెకానిక్. ఊళ్లో సగం లిఫ్టులు ఆయన చేతిమీదే నడుస్తాయి, మేముండే ఇంటికి మాత్రం లిఫ్టు లేదు. ఆయన బాత్రూంలో ఫ్లష్ ట్యాంకు పాడై ఎన్నాళ్లయిందో ఆయనకే తెలియదు. గొంతు పెద్దది, మనసు మంచిది, మొండితనానికి కొలతే లేదు. పిన్ని భయం ఆయనకి రోజూ దొరికే వినోదం. ఆమె ఏదో అనుమానంగా నోరు తెరవగానే, "మొదలైందర్రా!" అని నవ్వేసేవాడు. ఆయనకి మాత్రం ఒకే ఒక్క భయం ఉంది, దాన్ని భయమని ఒప్పుకోడు. ఆసుపత్రి. వాళ్లన్నయ్య కడుపునొప్పని నడుచుకుంటూ వెళ్లి మళ్లీ నడిచి రాలేదు.

షుగరు వచ్చాక పొద్దున్నే బేకరీలో క్రీం బన్ను మానమన్నారు. ఆయన మానితే కదా! పిన్ని బతిమాలింది, అలిగింది, చివరికి మిక్సీ తీసింది. అర అరటిపండు, పెరుగు, గుప్పెడు గడ్డ బెర్రీలు వేసి తిప్పితే గ్లాసెడు చల్లటి ఊదారంగు పానకంలాంటిది తయారయ్యేది. ఐసు అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు. మొదట మందులా మింగాడు, ఆ తర్వాత తనే కనిపెట్టినట్టు పనిచోట అందరికీ చెప్పుకున్నాడు. "బెర్రీ మేస్త్రీ" అని పేరు పడిపోయింది. అయితే ఒక షరతు పెట్టాడు. గ్లాసు లేని రోజు బన్ను తింటాను, నన్నేమీ అనకూడదు అని.

అదే పిన్ని కొంప ముంచింది. కోల్డ్ స్టోరేజీలో యంత్రం మరమ్మతు అంటూ ఆమె పనిచేసే బెల్టు ఆపేశారు. పని లేదు, చితికిన సరుకూ లేదు. ఫ్రిజ్‌లో చివరి గుప్పెడు అయిపోయింది. కొట్లో అదే సరుకు ధర విని పాకెట్టు ఉన్నచోటే పెట్టేసి వచ్చింది. మర్నాడు పొద్దున ఉడికించిన బీట్‌రూట్ ముక్క ఒకటి అరటిపండుతో, పెరుగుతో కలిపి తిప్పింది. రంగు కాస్త ఎరుపుకి తిరిగింది. బాబాయి ఎత్తిన గ్లాసు దించకుండా తాగి, మూతి తుడుచుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. పిన్ని ఊపిరి పీల్చుకుంది. ఆ మర్నాడూ అదే చేసింది. అలా వారం దాటిపోయింది.

అప్పుడే నలుపు కనిపించింది. ఫ్లష్ ట్యాంకు బాగుంటే కనిపించేది కాదేమో. ఆయన దొడ్డికెళ్లొచ్చాక బకెట్టుతో నీళ్లు పొయ్యబోయి పిన్ని ఆగిపోయింది. రోడ్డుకి వేసే తారులా జిగటగా, నల్లగా ఉంది, వాసన కూడా మామూలుగా లేదు. మర్నాడూ అంతే. ఆయన మొహం చూస్తే పాలిపోయి ఉంది. మూడో రోజు మెట్లెక్కుతూ మధ్యలో గోడ పట్టుకుని నిలబడ్డాడట. ఎలాగో ఒప్పించి వీధి చివర క్లినిక్‌కి తీసుకెళ్లింది. దారంతా ఆయన, "నీ పోరు పడలేకే వస్తున్నా," అని గొణుగుతూనే ఉన్నాడు.

క్లినిక్‌లో డాక్టరమ్మ ఓపికగానే చూసింది. రక్తపోటు కాస్త తక్కువగా ఉందంది. రక్తపరీక్షకి నెత్తురు తీయించింది, రిపోర్టు మర్నాడు వస్తుందంది. నొప్పి మాత్రలేమైనా వేసుకుంటున్నారా అని అడిగితే బాబాయి తల అడ్డంగా ఊపాడు.

"ఈమధ్య నల్లటివి ఏమైనా తింటున్నారా?"

"బెర్రీలండీ!" అన్నాడు బాబాయి, దొరికిన తాడు పట్టుకున్నట్టు. "పొద్దున్నే గ్లాసెడు. ఏడాదిగా ఒక్కరోజు మానలేదు. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి."

"బెర్రీల వల్ల కూడా నల్లగా అవుతుంది. మూడు రోజులు పూర్తిగా ఆపేసి చూడండి. రంగు మారితే సరే. మారకపోయినా, మళ్లీ కళ్లు తిరిగినా ఒక్క గంట కూడా ఆగొద్దు, పెద్దాసుపత్రికి వెళ్లిపోండి. లోపల రక్తం కారుతున్నా ఇలాగే ఉంటుంది."

ఆయన కడుపులోకి బెర్రీ వెళ్లి వారం దాటింది. బీట్‌రూట్‌తో అయితే ఎర్రబడాలి గానీ తారులా నల్లబడదు. డాక్టరమ్మ పెట్టమన్న పరీక్ష ఎప్పుడో అయిపోయింది, దాని ఫలితం కూడా వచ్చేసింది. అది తనకొక్కదానికే తెలుసు. చెప్పాలి. నోరు తెరిచింది కూడా. పక్కన బాబాయి నవ్వుతున్నాడు. నాలుగు రోజుల తర్వాత ఆ మొహంలో నవ్వు చూసింది. ఆ నవ్వుని తన నోటితో చెరపలేకపోయింది. డాక్టరమ్మ తర్వాతి మనిషిని పిలిచింది. ఇద్దరూ బయటికొచ్చేశారు.

తిరిగొస్తూ దారిలో ఆయన ఈల వేశాడట. "బెర్రీలేనటే! నువ్వూ నీ భయాలూ!" అని ఆమె భుజం తట్టాడట. ఆ చెయ్యి మంచులా ఉందని పిన్ని చెప్పింది. రోజంతా మంచులో చెయ్యి పెట్టేది తను, చల్లబడింది ఆయన చెయ్యి.

ఇదంతా ఆ సాయంత్రం మా వంటింట్లో నిలబడి చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు. నేను సగం వరకు టీ తాగుతూనే ఉన్నాను. బీట్‌రూట్ మాట వచ్చేసరికి కప్పు పక్కన పెట్టేశాను.

"నాకెందుకు చెప్తున్నావు పిన్నీ? ఆయనకి చెప్పు!" అని అరిచాను. నాకు భయమేస్తే కోపం వస్తుంది, అదో రోగం.

"ఎలా చెప్పనే? ఆసుపత్రంటే ఆయన ప్రాణం అక్కడే పోతుంది. రేపు చెప్తా. రిపోర్టు రానీ."

"డాక్టరమ్మ ఒక్క గంట కూడా ఆగొద్దంది కదా?"

పిన్ని నా మొహంలోకి చూసింది. ఈసారి ఆమె ఊరికే భయపడటం లేదు. ఆమెకి తెలుసు. చెయ్యి పట్టుకుని పైకి లాక్కెళ్లాను.

బాబాయి కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. టీవీ నడుస్తోంది, ఆయన కళ్లు మాత్రం మూసుకునే ఉన్నాయి. పెదవులకి రంగు లేదు. పిన్ని ఎదురుగా నేలమీద కూర్చుంది.

"ఏమండీ, మీకోటి చెప్పాలి. నన్ను తిట్టండి, కొట్టండి. ఆ గ్లాసులో బెర్రీలు లేవండీ. బెల్టు ఆగినప్పటి నుంచీ లేవు. బీట్‌రూట్ వేస్తున్నా."

బాబాయి కళ్లు తెరిచాడు. ఆయన అరుస్తాడని నేను ఒళ్లు బిగబట్టుకున్నాను.

"తెలుసే," అన్నాడు. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. "మొదటి రోజే తెలిసింది. బీట్‌రూట్ రుచి తెలియనంత వెర్రివాణ్ణా?"

ఈయన తెలిసి తెలిసి డాక్టరమ్మ దగ్గర బెర్రీల పేరు చెప్పాడు. ఏదో అడగబోయాను, అంతలో ఆయన లేవబోయి కుర్చీ చెయ్యి పట్టుకుని, "కళ్లు తిరుగుతున్నాయే," అన్నాడు. ఇక ప్రశ్నలకి వేళ లేకపోయింది.

మూడంతస్తులు దించడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. ఎదురింటాయనా, నేనూ చెరోవైపూ పట్టుకున్నాం. ఆయన బరువంతా మా మీద వేలాడుతోంది. మలుపు మలుపుకీ ఆపమనేవాడు. పిన్ని మాకు ముందు వెనక్కి తిరిగి ఒక్కో మెట్టూ దిగుతూ, "చూస్కోండి, చూస్కోండి," అంటోంది. పడిపోతుందని నేను, ఆయన పోతాడని ఆమె. అంబులెన్సు వచ్చేసరికి ఆయనకి ఉలుకూ పలుకూ లేదు.

పెద్దాసుపత్రిలో నర్సు కాగితం పట్టుకుని ఏం తిన్నారని అడిగింది. బాబాయి కళ్లు కొంచెం తెరిచి పిన్ని వైపు తిప్పాడు. ఈసారి పిన్ని ఆ మొహం వంక చూడలేదు.

"నల్లటివేమీ తినలేదమ్మా. వారం పైగా బెర్రీ ముట్టలేదు. లోపల రక్తం పోతోంది. తొందరగా చూడండి," అంది, ఆ హాల్లో అందరికీ వినపడేలా. ఆమె గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

కడుపులో పుండు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు మింగుతున్నాడట ఎన్నాళ్లుగానో. తర్వాత పనిసంచీ దులిపితే ఖాళీ అట్టలు బోలెడు రాలాయి. గొట్టం లోపలికి పంపి రక్తం ఆపారు, సీసాల కొద్దీ రక్తం ఎక్కించారు. ఆ రాత్రంతా పిన్ని గోడవైపు తిరిగి నిలబడే ఉంది. నేను ఆమె కొంగు చివర పట్టుకుని కూర్చున్నాను. ఎవరి ధైర్యం కోసం పట్టుకున్నానో చెప్పలేను.

మర్నాటి మధ్యాహ్నానికి గండం గట్టెక్కిందన్నారు. బాబాయి మొహానికి కాస్త రంగు వచ్చింది. పిన్ని మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, అడగాల్సింది అడిగింది.

"తెలిసి కూడా డాక్టరమ్మకి బెర్రీలని ఎందుకు చెప్పారండీ?"

ఆయన ఆమె వైపు తల తిప్పాడు.

"భయమేసిందే. అన్నయ్య గుర్తొచ్చాడు. చెప్పేసి నీ వంక చూశాను. నువ్వు ఊరుకోవులే, బయటపెట్టేస్తావు అనుకున్నా. నువ్వు నోరెత్తలేదు. పిల్లి తుమ్మినా భయపడే మనిషివి, నువ్వే ఊరుకున్నావంటే నిజంగా ఏమీ కాదేమో అనుకున్నా."

నేను కిటికీ వైపు తిరిగాను. టీ కప్పు పట్టుకుని ఆమె మాటలు విన్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఇన్నేళ్లుగా మేమంతా నవ్వే ఆ భయాన్ని ఆయన లోలోపల ఎంత నమ్ముకున్నాడో అప్పుడు తెలిసింది.

పిన్ని సెలైన్ గొట్టం వంక చూస్తూ ఏదో అనబోయి, అలవాటుగా మింగేసింది.

"ఏంటి?" అన్నాడు బాబాయి.

"ఏం లేదు లెండి."

"చెప్పు."

"ఆ గొట్టంలో చిన్న బుడగ ఉందండీ. లోపలికి పోతుందేమోనని..."

నాకూ కనిపించింది, ఆవగింజంత ఉంది. నిన్నటిదాకా అయితే మేమిద్దరం ఒకేసారి నవ్వేవాళ్లం. బాబాయి ఆ గొట్టం వంక చూశాడు, పిన్ని వంక చూశాడు.

"నర్సుని పిలువు," అన్నాడు.

నేనే లేచి పిలవడానికి వెళ్లాను.